మొగులుల దాసిన ఫైలు

హన్మకొండ చౌరస్తా కాడ, మెట్ల కింద,
మనిషి నిలవడితే తల తాకే నా డీటీపీ సెంటర్.
పొద్దుగాల ఎవరిదో పీహెచ్‌డీ,
పగటీలి పెండ్లికార్డు,
నడుమ నడుమ దశదినకర్మ,
ఫొటోల ఉన్నాయనకు కోటు తొడిగి, కండ్లు తెరిపించి.
ఇన్ని కొడత గని
నాదని రాసుకున్నది ఒక్క ముక్క లేదు.

గట్టు మొగిలయ్య వస్తడు, బేస్తారం బేస్తారం.
మట్టెవాడ ప్రెస్సుల ముప్పై రెండేండ్లు
సీసపు అక్షరాలు ఏరిన చెయ్యి.
బొటనవేలు ఇప్పటికీ నల్లగనే ఉంటది.
తెర మీది వరుసను ఆ వేలుతోనే ఒత్తి చూస్తడు:
"దీనికి బరువే లేదేంది, సరూపా!"

నోటుబుక్కు తేడు.
మందుల చీటీ ఎనక, కరెంటు బిల్లు అంచు మీద
కైత ఉంటది.
ఆయన చదువుతడు, నేను కొడత.
"యాది" అని కొడితే "యాదవ్" అంటది కంప్యూటర్.
"సోపతి" కింద ఎర్రగీత.
"తొవ్వ" కింద ఎర్రగీత.
"నాయిన" కింద గూడ.
ఎనుమాముల యార్డుల బస్తా చినిగి
బండి పొడుగూత రాలిన మిరపకాయల లెక్క
పేజీ నిండ ఎరుపు.
"తప్పులా?" అని అడిగిండు.
"కాదు తాతా, దానికి తెల్వదు."
"తెల్వనోళ్లు గిట్లనే గీత కొడతరు,
బడిల సారు గూడ కొట్టిండు."

ఒకనాడు కరెంటు పోయింది.
పాత యూపీఎస్, కుయ్యిమన్నది, సచ్చింది.
నాలుగు పేజీలు. సేవ్ చెయ్యలే నేను.
నా పానం జల్లుమన్నది.
ఆయన చాయ్ తెప్పియ్యిమన్నడు.

చీకట్ల చెప్పుకుంట వోయిండు:
"ఐదువందల కాపీలు పడంగనే
పేజీ విప్పెటోళ్లం.
ఏ అక్షరం ఆ అరలకే.
కైతల ఉన్న 'మ' తెల్లారి మంగళసూత్రంల,
మాపటికి మరణవార్తల.
ఇంకొకల మాటకు తావియ్యాలె గద!
ఒక్క 'ఱ' మాత్రం ఎవలు అడగక
అరల మెరుసుకుంట పడుండేది,
కొత్త పెండ్లికొడుకు లెక్క."

కరెంటు వచ్చినంక మళ్ల చెప్పిండు.
చీటీ చూడలే.
రెండో పాదం మారింది. మూడోది లేనే లేదు.
ముందటిదానికన్న మంచిగున్నది,
ఆ మాట ఆయనతోని అనలే.
"గీ సారి పోదు, క్లౌడుల దాస్తున్న" అన్న.
"అంటే?"
"మొగులుల."
పండ్లు లేని నోరంత తెరిచి నవ్విండు:
"నా పేర్లనే మొగులున్నది బిడ్డా!
మొగులు దాసుకుంటదా ఎన్నడన్న?"

మొన్న ఒక పిల్లగాడు,
కాలేజీల పోటీ ఉన్నదని
నా ముందటనే ఫోనుకు చెప్పి
వాన మీద కైత రాయించుకున్నడు. చాయ్ గూడ చల్లారలే.
ప్రింటు తీసిచ్చిన, రెండు రూపాయలు.
బాగనే ఉన్నది, అబద్ధమెందుకు.
ఒక్క ఎర్రగీత లేదు.
ఎవలింటి మీద పడ్డ వాననో మాత్రం
ఎంత ఎతికినా దొరకలే.

ఆ రాత్రి షట్టరు సగం దించి
మొగిలయ్య మాటలు ఒక్కొక్కటి పట్టుకొని
నిఘంటువుల చేర్చిన.
సోపతి. తొవ్వ. యాది.
నాయిన కాడ కొంచెం సేపు ఆగిన.
అటెన్క ఖాళీ పేజీ.
గంట సేపు అట్లనే తెల్లగ.
కర్సర్ కొట్టుకుంట, కొట్టుకుంట.

"మా అమ్మ బీడీలు చుట్టుకుంట
తునికాకు మీద గోటితోని నా పేరు రాసేది.
ఆకు చుట్టి దారం కట్టేది.
గంపల వెయ్యి బీడీలు,
నా పేరున్నది ఏదో దానికీ తెల్వదు, ఆమెకూ తెల్వదు.
ఎవరు తాగిన్రో నన్ను."

తునికాకు కింద ఎర్రగీత పడ్డది.
ఉండనిచ్చిన.
మెట్ల కాడ చెప్పుల సప్పుడు,
ఇంత రాత్రి ఎవరికో దశదినకర్మ కార్డు అక్కరొచ్చినట్టున్నది.
"తల వంచి రాండ్రి" అన్న,
తెర మీదికెళ్లి కండ్లు తియ్యకుంట.